నూట పద్దెనిమిది పౌన్ల దారి రాయి

ఫిబ్రవరి 9

చేరాను. మోంటానా నుంచి అరిజోనా ఎడారి దాకా నాలుగు రోజులు. ఒక్కదాన్నే తోలాను. పికప్ వెనక తగిలించిన చక్రాల ఇల్లు, మా ట్రైలర్, ఒక్కసారి కూడా అటూ ఇటూ తోక ఊపలేదు. ఎందుకు ఊపుతుంది? బరువైన సామానంతా ఇరుసులకి కాస్త ముందుగా, నేలకి ఆనించి పెట్టాను. వెనక దుప్పట్లూ తలగడలూ తప్ప ఏమీ లేవు. మొత్తం బరువులో నూటికి పన్నెండు వంతులు కొక్కెం మీద పడేలా చూసుకున్నాను. పోయిన ఏడాది కూడా ఇలాగే చూసుకుని ఉంటే, అని రాయబోయాను. రాయను.

మకాం అదే చోట. మా రాళ్ల సంఘంలో పద్నాలుగు కుటుంబాలం, పద్నాలుగు ట్రైలర్లు. ఓరిన్ లేకపోయినా నన్ను ఒక కుటుంబం కిందే లెక్కేశారట. చలికాలమంతా రాళ్లు ఏరుకోవడం, మార్చిలో వరసగా ఇంటిదారి పట్టడం. అంతా ఎప్పటిలాగే ఉంది, మలుపు దగ్గర ఒక బోర్డు తప్ప. "నెమ్మదిగా తోలండి. ఓరిన్‌ని మర్చిపోకండి." ఎర్ర రంగు. మెర్విన్ చేతిరాత.

ముప్పై ఎనిమిదేళ్లు నా మొగుడైన మనిషిని హెచ్చరిక బోర్డు చేశాడు.

ఫిబ్రవరి 10

బెర్నిస్ పొద్దున్నే కాఫీ చెంబుతో వచ్చింది. ఎనభై ఒకటి దాటింది. ఇంకా తన ట్రైలర్ తనే వెనక్కి తోలి పెట్టుకుంటుంది.

"ఏడాదిలో పదేళ్లు మీద పడ్డట్టున్నావే ఆర్డిస్."

"నువ్వు మాత్రం మారలేదు. పోయినేడే ముసలిదానివి."

పగలబడి నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "బోర్డు నేను వద్దన్నాను. మెర్విన్ వింటాడా? బండ్ల పెద్ద కదా. పోయినవాడి పేరుతో నలుగురికి బుద్ధి వస్తుందన్నాడు."

"ఆ రోజు ఓరిన్ గంటకి యాభై అయిదు మైళ్లలో వెళ్తున్నాడు బెర్నిస్. పక్కన కూర్చుని స్పీడు ముల్లు నేను చూశాను."

"నువ్వు పెళ్లానివి. నీ మాట ఎవరు తీసుకుంటారు?"

తిట్టినట్టు అనలేదు. ఉన్నమాట అన్నది. మెర్విన్ పోలీసులకి డెబ్బై అని రాసిచ్చాడు. శవపేటిక పక్కన నిలబడి "మా ఓరిన్‌కి ఎప్పుడూ తొందరే" అన్నాడు. బండ్ల వరసలో పెద్ద అందరికన్నా చివర వస్తాడు. పోయినేడు ఇంటిదారిలో మాది చివరి నుంచి రెండో బండి. బండి తిరగబడి ఓరిన్ పోయిన ఆ దిగుడులో అతని వేగం తెలిసినవాళ్లం ముగ్గురమే: ఓరిన్, నేను, మెర్విన్.

ఫిబ్రవరి 12

మెర్విన్ పలకరించడానికి వచ్చాడు.

"వచ్చావన్నమాట. రావేమో అనుకున్నా."

"ఎందుకలా అనుకున్నావ్?"

"అంటే... మళ్లీ ఆ దారినే రావాలంటే మనసు ఒప్పాలి కదా." వంగి నా కొక్కెం మీద అరచెయ్యి వేసి చూశాడు. "బాగా సర్దావ్. ఓరిన్ నేర్పాడా?"

"తను పోయాక నేర్చుకున్నాను."

"బోర్డు చూశావా? రెండు పూతలు వేశాను. ఎండకి వెలిసిపోకూడదని."

"కనిపించింది."

ఈ మనిషికి సిగ్గు లేదా, లేక తన అబద్ధాన్ని తనే నమ్మేశాడా? రెండోదైతే నా పని కష్టం.

ఫిబ్రవరి 16

పట్టిక మళ్లీ రాశాను. ఇంట్లో ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు.

విరిగిన ట్రైలర్‌ని ఈడ్చుకెళ్లిన యార్డు అతన్ని అడిగితే, రోడ్డు మీద ఏరిన రాళ్లన్నీ తూచి కాగితం మీద రాసిచ్చాడు. పంతొమ్మిది రాళ్లు. 388 పౌన్లు. అన్నీ ట్రైలర్ వెనక అరలోవి. అన్నీ దారి రాళ్లు.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం అందరూ గుర్రపు నాడాలు విసిరే ఆటలో ఉంటారు. ఒక్కొక్కరే జారుకుని, తమకి నచ్చినవాళ్ల వెనక అరలో ఒక రాయి పెట్టి వస్తారు. ఎవరి కంటా పడకూడదు. ఇల్లు చేరేదాకా ఎవరి అర వాళ్లు తెరవకూడదు. ఏ రాయి ఎవరిదో ఫోన్లలో పోల్చుకోవడంతోనే మాకు వేసవి గడుస్తుంది. ముప్పై ఏళ్ల ఆనవాయితీ.

అదే రోజు మధ్యాహ్నం మెర్విన్ అందరి కొక్కేల మీది బరువూ తూస్తాడు. తూకం మధ్యాహ్నం, రాళ్లు సాయంత్రం. ముప్పై ఏళ్లలో ఈ రెండింటినీ ఎవరూ కలిపి చూడలేదు. రాళ్లవాళ్లకి రాయి బరువుగా కనిపించదు.

ఓరిన్ అందరి నీళ్ల పంపులూ బాగుచేసేవాడు. అందుకే అతనికి ఎక్కువ వచ్చాయి.

మధ్యాహ్నం మా ట్రైలర్ 5,600. కొక్కెం మీద 620. నూటికి పదకొండు. బాగానే ఉంది. వెనక 388 పడ్డాక కొక్కెం మీద 280 మిగిలి ఉంటుంది. నూటికి అయిదు కూడా లేదు. ముందు తేలిక, వెనక బరువు. దిగుడులో ఎదురొచ్చే లారీ గాలి ఒక్కటి చాలు, తోక ఊగడానికి.

పంతొమ్మిదిలో ఒకటి 94 పౌన్లు. రాయిగా మారిన చెట్టు మొద్దు. ఒక పక్క కోసి, అద్దంలా నునుపు పట్టింది. ఆ కోత మెర్విన్ రంపానిది. తూచేవాడే అందరికన్నా బరువైంది పెట్టాడు. అందుకే డెబ్బై అన్న అబద్ధం.

ఒక్కదాని సంగతే తేలలేదు. 37 పౌన్లది, పచ్చది.

ఫిబ్రవరి 17

37 దాని సంగతి వదిలేశాను. ముఖ్యం కాదు.

ఫిబ్రవరి 22

మెర్విన్ కొత్త ట్రైలర్ కొన్నాడు. మంట చుట్టూ కూర్చున్నప్పుడు దాని గొప్పలే. "నలభై ఏళ్ల నుంచి తోలుతున్నా. నా తోక ఒక్కసారి కూడా ఊగలేదు. ఎందుకంటావ్? ఓపిక. అంతే."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

అతను రాళ్లకి వెళ్లినప్పుడు అడుగులతో కొలిచాను. కొక్కెం నుంచి ఇరుసుల నడిమికి పదహారు. నడిమి నుంచి వెనక అరకి పద్నాలుగు. అంటే వెనక వంద పౌన్లు పెడితే కొక్కెం మీద ఎనభై ఏడు లేచిపోతుంది.

ఊరికే కొలిచాను.

ఫిబ్రవరి 23

ఒక్కసారి ఊగితే చాలు. చదునైన రోడ్డు మీద. చేతులు వణకాలి. అద్దంలో తన ఇల్లు తన పక్కకే రావడం చూడాలి. అంతకన్నా నాకేమీ వద్దు.

ఫిబ్రవరి 24

దిగుడు తొంభై మైళ్ల తర్వాత వస్తుంది. అంతదాకా చదునే. ఊగేదేదో చదునులోనే ఊగుతుంది. భయపడి ఆపేస్తాడు.

ఫిబ్రవరి 25

ఓరిన్‌ది చదునులో ఊగలేదు. నిజం కాబట్టి రాశాను.

మార్చి 2

రాయి దొరికింది. ఎండిన వాగులో, ఇనుము కలిసిన నల్లది. గోధుమ గోదాములో కాటా దగ్గర ముప్పై ఏళ్లు కూర్చున్నదాన్ని. చూడగానే నూట ఇరవై అనుకున్నాను. తూస్తే 118. రెండు చక్రాల తోపుడు బండీ, రెండు పలకలూ తీసుకెళ్లి గంటన్నరలో మకాంకి తెచ్చాను. నడుం పట్టేసింది.

సాయంత్రం దాన్ని రుద్దుతుంటే బెర్నిస్ వచ్చి నిలబడింది.

"ఇంత గుండు ఎవరికే?"

"మెర్విన్‌కి. దారి రాయి."

"అబ్బో! అతని మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టింది?"

"ఏడాదిగా పెంచుతున్నాను."

నవ్వలేదు. రాయినీ నన్నూ మార్చి మార్చి చూసింది. "నీ నడుం జాగ్రత్త" అని వెళ్లిపోయింది.

మార్చి 5

37 దాని గురించి.

అది నాది. పోయినేడు మార్చిలో ఉత్తరపు గట్టు కింద దొరికింది. ఓరిన్ ఇంటికెళ్లాక అర తెరిచి, ఎవరిదో పోల్చుకోలేక నెత్తి గోక్కోవాలని పెట్టాను. పెళ్లాం మొగుడికి దారి రాయి పెట్టడం మా సంఘంలో లేదు. ఎప్పటికీ పోల్చుకోలేడని మురిసిపోయాను.

అర తెరిచినప్పుడు లోపల అప్పటికే పద్దెనిమిది ఉన్నాయి. చూశాను. చూసి బరువు అంచనా కట్టడం నా ఉద్యోగం. కట్టలేదు. "ఎంతమందికి ఇష్టమో మావాడు" అనుకున్నాను.

రాశాను కదా. ఇప్పుడు మెర్విన్ వంతు. నా 37 నేను ఒప్పుకున్నాను గనక అతని 94 తేలికైపోదు. నేను పోలీసులకి అబద్ధం చెప్పలేదు. బోర్డు రాయలేదు.

మార్చి 9

మెర్విన్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"ఎల్లుండి జాగ్రత్తల మీటింగులో నువ్వు రెండు మాటలు చెబితే బాగుంటుంది ఆర్డిస్. నీ నోటి నుంచి వస్తే జనం వింటారు."

"ఏం చెప్పమంటావ్?"

"అదే, తొందరపడితే ఏమవుతుందో."

"నువ్వు వెనకే ఉన్నావుగా. నాకన్నా నీకే బాగా కనిపించి ఉంటుంది. ఎంతలో వెళ్తున్నాడు?"

టోపీ అంచు తిప్పాడు. "డెబ్బై. అటూ ఇటూగా."

"అటా, ఇటా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు? పోయినవాణ్ణి పోనీ."

"పోనిచ్చేవాడివైతే బోర్డుకి రెండు పూతలెందుకు?"

టోపీ పెట్టుకుని వెళ్లాడు. తన అబద్ధాన్ని తను నమ్మలేదు. తెలిసే చెబుతున్నాడు. ఈ సంగతి తేలినందుకు ఇవాళ కడుపునిండా తిన్నాను. బీన్స్, మొక్కజొన్న రొట్టె, మళ్లీ బీన్స్.

మార్చి 11

మీటింగుకి వెళ్లలేదు. తలనొప్పి అని చెప్పాను. కిటికీ తెరిచే ఉంది. ఓరిన్ పేరు ఆరుసార్లు వినిపించింది. వేగం అన్నమాట తొమ్మిదిసార్లు. దారి రాళ్ల మాట ఒక్కసారి కూడా రాలేదు.

మార్చి 13

మధ్యాహ్నం తూకాలు అయ్యాయి. ఎప్పటి పద్ధతే. ట్రైలర్ ముందు కాలి కింద పలక, పలకకి ఒక చివర ఇటుక, రెండో చివర ఇంట్లో మనుషులు ఎక్కే తూకం మిషను. కాలు ఇటుకకి ఒక అడుగు, మిషనుకి రెండడుగుల దూరంలో. మిషను చూపిన అంకెని మూడుతో హెచ్చించాలి. మెర్విన్‌ది 233 చూపింది. అంటే 700. ట్రైలర్ 6,400. నూటికి పదకొండు. ఫలకం మీద తనే రాసుకుని తనే టిక్కు పెట్టుకున్నాడు.

అయిదు గంటలకి ఆట మొదలైంది. మెర్విన్ విసురుతున్నాడు. అందరూ అరుస్తున్నారు. జనం ఒకరి తర్వాత ఒకరు చేతులు దులుపుకుంటూ తిరిగి వస్తున్నారు. నా వంతు వచ్చేదాకా ఆగాను.

అతని వెనక అరలో అప్పటికి పదమూడు ఉన్నాయి. ఈసారి అంచనా కట్టాను. మూడు వందలు. పలకల మీదుగా నాది ఎక్కించి, అందరి రాళ్లకీ వెనక, చిట్టచివరకి నెట్టాను. మూత వేశాను. గొళ్లెం పెట్టాను.

తిరిగి వెళ్లేసరికి మెర్విన్ గెలిచాడు. చప్పట్లు కొట్టాను.

మార్చి 14, పొద్దున

నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం. బాగా పట్టింది.

కాఫీ పెడుతుంటే ఒక విషయం తట్టింది. చూసినవాళ్లం ముగ్గురం. ఓరిన్ లేడు. మెర్విన్ కూడా ఆ దిగుడులో పోతే మిగిలేది నేను, పెళ్లాన్ని. డెబ్బై ఎప్పటికీ డెబ్బైగానే ఉంటుంది. పైగా మెర్విన్ పుణ్యాత్ముడైపోతాడు. వచ్చే ఏడాది ఓరిన్ బోర్డు పక్కన అతనికీ ఒకటి పెడతారు.

ఆ అంకెని మార్చగలిగిన నోరు ఒక్కటే ఉంది. దాన్ని నేనే రోడ్డు పక్క లోయలోకి పంపబోతున్నాను.

ఇది జాలి కాదు. జాలి ఉందేమోనని వెతికాను. లేదు.

బండ్లు ఏడున్నరకి కదులుతాయి. ఇప్పుడు ఆరూ నలభై.

మార్చి 14, పది గంటలు, పెట్రోలు బంకు

వరసగా రాస్తాను.

ఏడుంపావుకి పలకా, ఇటుకా, మిషనూ మోసుకెళ్లి మెర్విన్ కొక్కెం పక్కన పడేశాను. అతను కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమిటిది ఆర్డిస్? నిన్ననే తూచాంగా."

"మళ్లీ తూచు."

"టైమైపోతోంది. అందరూ ఇంజన్లు వేసుకుని ఉన్నారు."

"మళ్లీ తూచు మెర్విన్. ఓపిక ఉన్నవాడివేగా."

ఎవరో నవ్వారు. బెర్నిస్ తన పికప్ ఆపి దిగింది. ఆమె దిగితే మిగతావాళ్లూ దిగారు. జనం చూస్తుండగా మాట తోసెయ్యలేక మెర్విన్ దిగి, కొక్కెం విప్పి, కాలు పలక మీదికి దించాడు.

మిషను 112 చూపింది.

"పాడైనట్టుంది" అన్నాడు.

బెర్నిస్ మిషను లాగి తను ఎక్కి చూసింది. "పాడు కాలేదు. నా బరువు నాకు తెలుసు, తెలియకపోతే బాగుండేది. మళ్లీ పెట్టు."

మళ్లీ 112.

"మూడు నూట పన్నెండులు మూడు వందల ముప్పై ఆరు" అంది బెర్నిస్. "నిన్న ఏడు వందలు. రాత్రికి రాత్రి సగం ఎటు పోయింది?"

"వెనక్కి పోయింది. తెరిచి చూపించు" అన్నాను.

"దారి రాళ్ల అర తెరవకూడదు..."

"తెరువు."

తెరిచాడు. ముప్పై ఏళ్లలో ఎవరైనా తన అర తనే మకాంలో తెరవడం అదే మొదటిసారి. ఒక్కొక్క రాయీ కింద పెడుతుంటే ఎవరి రాయిని వాళ్లు గుర్తుపట్టి తల దించుకున్నారు. చివరికి నల్లది మిగిలింది. రెండు చేతులతోనూ కదల్లేదు.

"ఇదెవరిది?"

"నాది. నూట పద్దెనిమిది."

రాయి వదిలి లేచాడు. "ఆర్డిస్, నన్ను చంపుదామనుకున్నావా?"

"దారి రాయి పెట్టాను. పోయినేడు ఓరిన్‌కి నేను ముప్పై ఏడు పెట్టాను. నువ్వు తొంభై నాలుగు పెట్టావు. మరి నువ్వెవర్ని చంపుదామనుకున్నావ్?"

ఎవరిదో ఇంజను ఇంకా ఆడుతుంటే బెర్నిస్ వెళ్లి ఆపి వచ్చింది.

యార్డు కాగితం తీసి గట్టిగా చదివాను. పంతొమ్మిది రాళ్లు. 388. కొక్కెం మీద మిగిలింది 280. తర్వాత అడిగాను.

"ఎంతలో వెళ్తున్నాడు?"

"ఆర్డిస్..."

"నువ్వు వెనకే ఉన్నావు."

"యాభై అయిదు" అన్నాడు రాయి వైపు చూస్తూ.

"బెర్నిస్‌కి చెముడు. ఆమెకి వినపడాలి."

"నాకేం చెముడు లేదు" అంది బెర్నిస్. "అయినా గట్టిగా చెప్పు."

"యాభై అయిదు! కాస్త తక్కువే. నా ముందే తోక ఊగింది. రెండు ఊపులకే పక్కకి తిరిగిపోయింది." నుదురు తుడుచుకున్నాడు. "రోడ్డు మీద రాళ్లు చూశాక అర్థమైంది. రాళ్లని చెబితే అందరం దోషులమవుతాం. అందరి బతుకులూ ఎందుకు పాడవ్వాలని..."

"అందరం అనకు. రాళ్లు అందరం పెట్టాం. డెబ్బై అన్నది నువ్వొక్కడివే."

తూకాల ఫలకం మీది కాగితం తిరగేసి ఇచ్చాను. రాశాడు. పోలీసులకి రాసిచ్చింది అబద్ధమని, యాభై అయిదు నిజమని, తొంభై నాలుగు తనదని. బెర్నిస్ సాక్షి సంతకం చేసింది. ఇంకో ఇద్దరు చేశారు.

కాగితం ఇస్తూ నా చెయ్యి పట్టుకోబోయాడు. "ఏడాదిగా నాకు సుఖం లేదు. నన్ను క్షమించగలవా?"

"తేదీ వెయ్యలేదు. వెయ్యి."

వేశాడు.

తర్వాత పద్నాలుగు అరలూ తెరిచారు. రాళ్లన్నీ ఇసుకలో కుప్పపోశారు. ఏది ఎవరిదో ఎవరూ అడగలేదు. బెర్నిస్ గునపం తీసుకెళ్లి బోర్డు పెకలించింది. "మంచి కర్ర. వంటకి పనికొస్తుంది" అని తన పికప్‌లో పడేసుకుంది. మెర్విన్‌ది మళ్లీ తూచాం. 233. బయలుదేరడం గంటంపావు ఆలస్యమైంది.

వరసలో చివరి నుంచి రెండో చోటు నాకు కావాలన్నాను. ఎవరూ కాదనలేదు.

మార్చి 14, సాయంత్రం

దిగుడు పదకొండు మైళ్లు. రానూ పోనూ చెరొక్క వరస, దాటడానికి వీల్లేని రోడ్డు. పైన యాభై అయిదులో ఉన్నాను. ట్రైలర్ గీత గీసినట్టు వెనకే వస్తోంది. అద్దంలో దాని వెనక మెర్విన్. బండ్ల పెద్ద సంఘంవాళ్లెవర్నీ దాటకూడదు. చివరే రావాలి. ఆ నియమం పెట్టింది అతనే.

నలభైకి దించాను. అతనూ దించాడు. ముప్పైకి దించాను. అతని వెనక కార్లు పోగవడం మొదలైంది. ఎనిమిదో మైలులో ఓరిన్ పోయాక కొత్త ఇనుప కంచె వేసిన చోటు కన్నా చాలా ముందే ఇరవైకి దించేసి, హెచ్చరిక దీపాలు వేసి, అడుగు దాకా అలాగే వెళ్లాను. వెనక ఒకటే హారన్లు. నన్ను కాదు. వాళ్లకి కనిపించేది అతని బండే. ఒకడు కిటికీ దించి అరుస్తుంటే మెర్విన్ చెయ్యెత్తి ఏదో చెప్పుకోవడం అద్దంలో చూశాను.

ఇరవై తొమ్మిది నిమిషాలు పట్టింది.

ఇంటికి ఇంకా మూడు రోజుల దారి. బండ్ల వరస మారదు.